గాలింపులో మిగిలిన బెడ్డలు

హాలు మధ్యలో, నడుమెత్తున, గాల్లో పాలపుంత తిరుగుతోంది. పళ్లెంలా పల్చగా, కొలతకు అందిన రెండు వందల కోట్ల నక్షత్రాలతో. పదకొండేళ్లుగా చూస్తున్నదే అయినా డాక్టర్ కాత్యాయనికి ఇవాళ కూడా ఒళ్లు జలదరించింది.

అన్నట్టు, ఆ యంత్రం సంగతి చెప్పలేదు కదూ! ఆకాశంలోని టెలిస్కోపులు ఒక్కో నక్షత్రం ఎక్కడుందో, ఎటు ఎంత వేగంతో పోతోందో సర్వే చేసి పంపుతాయి. ఆ డేటాతో కంప్యూటర్ మొత్తం గెలాక్సీని ముందుకీ వెనక్కీ నడిపిస్తుంది. మీట అటు తిప్పితే డైనోసార్ల నాటి పాలపుంత కూడా ప్రత్యక్షం. గెలాక్సీ అంతా వెతుకుతుంది కాబట్టి కాత్యాయని దానికి 'గాలింపు' అని పేరు పెట్టింది.

ఒక్కటే చిక్కు. సూత్రాలకు లొంగని నక్షత్రాలు కొన్ని లక్షలున్నాయి. వాటిని కలిపితే బొమ్మంతా చెదిరిపోయేది. అందుకని యంత్రమే వాటిని 'తప్పు కొలతలు' అని ఏరి పక్కన పడేస్తుంది. పొద్దున కమిటీ వచ్చి, బొమ్మ చూసి ముచ్చటపడి సంతకాలు చేసి వెళ్లింది. నాలుగింటికి అన్ని దేశాల అబ్జర్వేటరీలకూ ఇదే ప్రామాణిక నమూనాగా వెళ్లిపోతుంది. వెళ్లాక ఇక మార్చడానికి లేదు.

"మేడమ్మా, మూడైంది! అన్నం చల్లారిపోయింది," అంటూ వచ్చింది క్యాంటీన్ ఓబులమ్మ. బొమ్మ చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. "అబ్బా! ఏందిది, ఇంత సక్కగుండాది?"

"మనముండే గెలాక్సీ, ఓబులక్కా. ఈ యంత్రం పేరు గాలింపు."

"మరి బెడ్డలేవి?"

"బెడ్డలేంటి?"

"బియ్యం గాలించినాక గిన్నె అడుగున బెడ్డలు మిగలాల కదమ్మా! పొద్దున నాకు గుప్పెడు మిగిలినాయి."

కాత్యాయని పకపకా నవ్వింది. సరే చూడు అంటూ, ఏరేసిన నక్షత్రాల ఫైల్ తెరిచి పళ్లెం నుంచి వాటి ఎత్తునీ వేగాన్నీ కలిపి గాల్లో పరిచింది.

నవ్వు ఆగిపోయింది. తప్పు కొలతలే అయితే చెల్లాచెదురుగా పడాలి. ఇవి నత్తగుల్ల మీది గీతలా ఒద్దికగా చుట్టుకుని ఉన్నాయి.

"చూస్తిరా, అన్నీ ఒక తావుకి చేరినాయి," అంది ఓబులమ్మ. "బెడ్డలు వాటికవే చేరవు మేడమ్మా. గిన్నె తిప్పినోళ్లుండాల. ఎవురు తిప్పినారు?"

బొమ్మ చెదిరితే చెదరనీ అనుకుంది కాత్యాయని. ఏరేసినవన్నీ మళ్లీ కలిపి మీట వెనక్కి తిప్పింది. కోటి ఏళ్లు. పది కోట్లు. ముప్పై కోట్లు. ఆ సుడి మెల్లగా విచ్చుకుంది. ఎక్కడినుంచో చిన్న గెలాక్సీ ఒకటి వచ్చి పళ్లెంలో ఇటు దూరి అటు తేలింది. ఆ అదురుకి పాలపుంత అంచు దులిపిన దుప్పటిలా లేచి, పడి, మళ్లీ లేచింది. అంత పెద్దది, అంత నిశ్శబ్దంగా! భయమో సంతోషమో తెలియక కాత్యాయనికి కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఓబులమ్మ చేతులు జోడించింది.

"ఇందులో మనం యాడుండామమ్మా?" అంది కాసేపటికి.

పొద్దున సంతకాలైన నమూనాలో సూర్యుడి కోసం వెతికింది కాత్యాయని. లేడు. తొలిరోజు తన చేత్తో ఎక్కించిన నక్షత్రం! ఆ తరవాత ఉన్నాడో లేడో చూడాలని ఎవరికీ తోచనేలేదు. ఏరేసిన ఫైల్‌లో వెతికింది. ఉన్నాడు.

"అంటే మనమూ బెడ్డలమేనా?"

"బెడ్డలమే, ఓబులక్కా."

గబగబా కమిటీ పెద్దాయనకి ఫోన్ చేసింది. "సార్, నమూనా ఆపండి! అందులో ఒక నక్షత్రం లేదు."

"రెండు వందల కోట్లలో ఒక్కటి లేకపోతే కొంప మునిగిందామ్మా?" అన్నాడాయన తాపీగా. "మచ్చ లేకుండా ఉందనే కదా సంతకాలు పెట్టాం!"

"మీరిప్పుడు ఎక్కడున్నారు సార్?"

"మేడమీద. చలికి ఎండ కాగుతున్నా. ఏం?"

"మీరు కాగుతున్న ఆ ఎండే సార్, లేనిది."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నాలుగు దాటి ఐదు నిమిషాలైందమ్మా," అన్నాడాయన. "పంపించేశాం."