స్పిన్‌స్టర్ థర్జా

"ఆ మాట చదవద్దని పాస్టరుగారికి చెప్పు ఎడ్మండ్. చదివేట్టయితే నాకీ పెళ్ళే వద్దు."

ఎడ్మండ్ తడిసిన టోపీ చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు. యార్క్‌షైర్ కొండల మీద పొద్దుటినుంచీ వాన. గొర్రెల దొడ్డి బురదంతా అతని బూట్లకే ఉంది.

"ఏ మాట?"

"స్పిన్‌స్టర్."

పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. వరుడు బ్రహ్మచారి, వధువు స్పిన్‌స్టర్, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పండి అని. రేపే మొదటి ఆదివారం.

"పద్దెనిమిదేళ్ళ పిల్లకైనా అదే చదువుతారు కదా!"

"ఆ పిల్లని చూసి ఎవరూ నవ్వరు. నాకు ముప్ఫై ఎనిమిది."

"నన్ను చూసి నా గొర్రెలే నవ్వుతాయి. నేనేమైనా అనుకుంటున్నానా?"

థర్జా నవ్వలేదు. ఆమె ఊరి బడిలో టీచరు. మాటల పుట్టుక పిల్లలకి చెప్పేది ఆమే.

"ఉన్ని వడికే ఆవిడ అని దాని అర్థం. కమ్మరి, వడ్రంగి లాగా అదీ ఒక పని పేరే. పెళ్ళికానివాళ్ళు వడికి బతికేవాళ్ళు గనక పెళ్ళికానిదని అర్థం వచ్చింది. పోనుపోను, ఎవరికీ అక్కర్లేనిదని."

"అంతా తెలిసి కూడా ఇంత కోపమేంటి?"

"తెలిస్తే నొప్పి తగ్గుతుందా?"

అతను బూట్లు విప్పి లోపలికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

"ఎవరో నవ్వుతారని కాదు. అసలు సంగతి చెప్పు."

ఆమె పొయ్యిలో ఇంకో కట్టె పెట్టింది.

"అక్కనీ నన్నూ కలిపి ఊరంతా స్పిన్‌స్టర్లు అనేవాళ్ళు. కెజాయా అక్క పడీపడీ నవ్వేది. మొన్న చలికాలంలో చనిపోయింది. ఆ మాటలో ఇప్పటికీ మేమిద్దరం ఉన్నాం, ఎడ్మండ్. నేను నీతో వచ్చేస్తే అందులో అక్క ఒక్కతే మిగిలిపోతుంది."

ఎడ్మండ్ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "వద్దంటే ఇప్పుడే వెళ్ళి ఆపిస్తాను. ఎన్నాళ్ళయినా ఆగుతాను. కానీ నిన్ను ఆ మాటతో పిలిచేది ఇంక మూడుసార్లే. అవి కూడా వదులుకుంటావా?"

జవాబు కోసం ఆగకుండా అతను బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు.

తన ప్రకటన తాను వింటే పెళ్ళికూతురికి అరిష్టమని ఆ ఊళ్ళో నమ్మకం. అందుకే మర్నాడు థర్జా చర్చిలోకి వచ్చి అక్కతో కూర్చునే బల్ల మీదే కూర్చుంటే అందరూ తలలు తిప్పారు.

"ఇదేం చోద్యమే తల్లీ! ఇంటికి పో," అంది వెనకనించి ఎడ్మండ్ మేనత్త దీనా.

"వినడానికే వచ్చాను, అత్తా."

పాస్టరుగారు తడబడుతూనే చదివారు. "ఈ ఊరి స్పిన్‌స్టర్, థర్జా ఆల్డర్సన్..."

ఆమె కళ్ళు మూసుకుని ఆ మాట చివరంటా విన్నది.

"అభ్యంతరం ఉన్నవారు చెప్పండి."

ఎవరూ కిక్కురుమనలేదు. ఎడ్మండ్ మాత్రం లేచి నిలబడి, మందలో దొంగ గొర్రెని వెతుకుతున్నట్టు ఒక్కొక్కరినీ ఉరిమి చూశాడు. దీనా అత్తని కాస్త ఎక్కువసేపే చూశాడు.

థర్జాకి నవ్వు ఆగలేదు. చలికాలం తర్వాత ఇదే మొదటి నవ్వు. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుని, పక్కన అక్క చోట్లో పెట్టుకున్న చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"చాల్లే, వచ్చి కూర్చో," అంది.