చిల్లుల బోర్డుల పైన

కాశిబుగ్గలో పాత జంపఖానాల షెడ్డు ముందునుంచి పొద్దుగూకినాక పోయేవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. "ఇగో" అనో "ఓ భాయ్" అనో సర్దుకుంటారు. చెప్పు తెగి వెనకబడ్డవాణ్ని ఈల వేసి పిలుస్తారు గానీ, పేరెత్తరు.

పేరెత్తితే... లోపల్నుంచి ఎవరో పలుకుతారట.

ఎవరు పలికారని అడిగితే ఎవరూ చెప్పరు. విన్నవాళ్లు మాత్రం ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచిపోతారని చెప్పుకుంటారు.

అందులో జంపఖానాలు నేసే మగ్గాలున్న రోజుల్లో ఈ గొడవ లేదు. నలభై మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు అరిచినా వినబడేది కాదు. కాశిబుగ్గ నేతగాళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ గట్టిగా మాట్లాడతారే, ఆ అలవాటే అది. పెళ్లిచూపులకు పోయి, కట్నం సంగతి గుసగుసగా అడగబోయి, వీధి చివరి దాకా వినిపించిన మహానుభావులున్నారు. సరే, ఆ ముచ్చట వదిలేద్దాం. మగ్గాలు పోయినాయి. ఎత్తైన కాంక్రీటు కప్పు, నున్నటి గోడలు, బండలు పరిచిన నేల మిగిలాయి. ఒక్క మాట అంటే చాలు, అది నాలుగు గోడలకూ తగిలి, ఒకదాని మీద ఒకటి పడి, ఎంతసేపటికో గానీ అణిగేది కాదు.

బట్టల వ్యాపారి ఓంప్రకాశ్ ఆ షెడ్డు కొని ఫంక్షన్ హాలు చేశాడు. మొదటి పెళ్లిలో అయ్యగారి మంత్రం ఒక్కటీ ఎవరికీ తెలియలేదు. మైకు పెడితే ఇంకా అధ్వానం. భోజనాల మధ్యలో పెళ్లికూతురు మేనత్త చెయ్యి కూడా కడుక్కోకుండా లేచింది.

"మా అవ్వ పిలుస్తాంది," అని బయటికి నడిచింది.

ఆ అవ్వ పోయి అప్పటికి పదేళ్లు.

రెండో పెళ్లి ఆ హాలుకి రాలేదు.

అప్పుడు పిలిపించారు నయీముద్దీన్‌ని. ఫాల్స్ సీలింగ్ పనిలో ఆయనకు హన్మకొండ, వరంగల్ అంతా పేరుంది. వచ్చాడు. హాలు నడిమధ్యన నిలబడి ఒక్క చప్పట కొట్టాడు. అది చచ్చేదాకా సెకన్లు వేళ్ల మీద లెక్కపెట్టాడు... ఆరు.

"దయ్యం లేదు, గియ్యం లేదు సేట్. ఉట్టి మారుమోత. చిల్లుల బోర్డు ఏద్దాం."

"మొన్నొచ్చిన ఇంజనీరు గూడ గదే అన్నడు," అన్నాడు ఓంప్రకాశ్. "అని పోయిండు. మళ్ల ఫోనెత్తుత లేడు."

"నేనెత్తుత తియ్యి."

"వచ్చే నెల పద్దెనిమిది తారీఖు నా బిడ్డ రిసెప్షన్ భాయ్. ఈ హాల్లనే చేస్త. నా బిడ్డది నేనే చెయ్యకపోతే ఇంకెవ్వలొస్తరు ఈడికి?"

నయీముద్దీన్ ఒప్పుకున్నాడు.

చిల్లుల బోర్డు అంటే జిప్సం బోర్డే. దాన్నిండా శనగగింజంత రంధ్రాలు వరస కట్టి ఉంటాయి. మాట ఆ రంధ్రాల్లోంచి పైకి పోతుంది, పైన పరిచిన గ్లాస్ వూల్ పరుపులో చిక్కుకుంటుంది. తిరిగి రాదు. మామూలు బోర్డు ఏ మూల నుంచైనా మొదలుపెట్టొచ్చు; దీన్ని మాత్రం గది నడుమ గీత గీసి, అక్కణ్నుంచి గోడలవైపు జరుపుకుంటూ పోవాలి. ఒక్క బోర్డు వెంట్రుకవాసి పక్కకు పోయినా గోడ దగ్గరికి వచ్చేసరికి చుక్కలన్నీ వంకర. తలెత్తి చూసిన ప్రతివాడూ పని చేసినవాణ్ని తిడతాడు. నయీముద్దీన్‌ని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.

తోడు సాంబయ్య. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి రైల్లో వస్తాడు. నయీముద్దీన్ పరంజా మీద నిలబడి బోర్డుని నెత్తితో, రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంటాడు. అది ఫ్రేముకి తగలడం ఆలస్యం, సాంబయ్య డ్రిల్ మిషన్‌తో స్క్రూలు దింపుతాడు. పని మొదలుపెట్టే ముందు రెండు చెవుల్లో దూది కుక్కుకుంటాడు.

"సగం చెవులు ఈ మిషినే తిన్నది అన్నా. ఉన్న సగమన్న నా మనుమరాలి ముచ్చట్లకు ఉండనియ్యి," అంటాడు.

మొదటిరోజు సాంబయ్య రైలుకి వెళ్లిపోయాక, నయీముద్దీన్ కొలతలు చూసుకుని, చేతులు కడుక్కుంటూ, పనినుంచి ఇంటికి చేరినప్పుడల్లా ఇరవై ఏడేళ్లు అన్న మాటే అలవాటున అనేశాడు—

"షహనాజ్... చాయ్."

అనగానే నాలుక కరుచుకున్నాడు. ఆయన భార్య షహనాజ్ బేగం పోయి నాలుగేళ్లు దాటింది.

మాట కప్పు దాకా పోయింది. గోడలకు తగిలింది. తిరిగొచ్చింది... వచ్చిన దాంట్లో ఆయన గొంతు కొంతే ఉంది. దాని అడుగున, పక్కింట్లో ఎవరో మాట్లాడుతున్నట్టు, ఇంకో గొంతు.

ఆడగొంతు.

లైటు ఆర్పకుండానే బయటికి వచ్చేశాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమెను దవాఖానలో చేర్చారు. లోపలికి పోనివ్వలేదు. అద్దం అవతల ఆమె, ఇవతల ఆయన. చివరిరోజు ఆమె ముక్కు మీది మాస్కు పక్కకు జరిపి ఏదో చెప్పింది. చిన్న మాట కాదు... చాలాసేపు చెప్పింది. పెదవులు కదలడం కనబడింది. ఒక్క ముక్క వినబడలేదు. ఆయన తల ఊపాడు. అర్థమైందన్నట్టు ఊపాడు. ఆమె మాస్కు పెట్టుకుని కళ్లు మూసుకుంది.

ఇంటికొచ్చాక బిడ్డ ఆసిమా అడిగింది. "అమ్మీ ఏమన్నది అబ్బా?"

"నిన్ను మంచిగ చూస్కోమన్నది."

ఆ అబద్ధం మీదే ఆ ఇల్లు నాలుగేళ్లుగా నిలబడి ఉంది.

మర్నాటి నుంచి పని అయ్యాక సాంబయ్యని తొందరగా పంపేసేవాడు. నమాజు చేసుకుని వచ్చి, హాలులో ఒంటరిగా నిలబడి పిలిచేవాడు. గొంతు వచ్చేది. ఆమెదేనా... ఏమో. నలుగురు ఒకేసారి మాట్లాడినట్టు కలగాపులగం.

నాలుగు వరసలు పడ్డాక గొంతు తేటపడింది.

ఆమెదే.

కొంచెం బొంగురు, చివర్న కొంచెం లాగడం — ఆమెదే. ఏడో వరసకి మాట తెలిసింది.

"వచ్చిండ్రా?"

ఆయన పనినుంచి ఇంటికి రాగానే వంటింట్లోంచి అడిగే మాట. నయీముద్దీన్ పరంజా గొట్టం పట్టుకుని కూర్చుండిపోయాడు.

"వచ్చిన," అన్నాడు మెల్లిగా.

ఆయనకు ఈ పనంతా తెలుసు. మోత తగ్గేకొద్దీ మాట తేటపడుతుంది. తేటపడేకొద్దీ సన్నబడుతుంది. ఏడో వరసలో వంటింట్లోంచి అడిగినట్టున్న గొంతు, తొమ్మిదో వరసలో వీధి అవతల్నుంచి అడిగినట్టుంది. కానీ తొమ్మిదో వరసలో ఇంకో ముక్క చేరింది.

"వచ్చిండ్రా... ఒక్క మాట చెప్పాలె..."

ఆ తర్వాతది ఇంకా మోతలోనే ఉంది.

అక్కడ ఆపితే మాట ఎప్పటికీ తెలియదు. ఆపకపోతే గొంతే ఉండదు. పనిని సాగదీశాడు. ఫ్రేము వంకరుందని విప్పి మళ్లీ బిగించాడు. పదిరోజుల పని ఇరవై దాటింది.

"గదేం పని అబ్బా?" అంది ఆసిమా, రొట్టె వడ్డిస్తూ. "ఆ హాలుకు కాదు, నీకే దయ్యం పట్టినట్టున్నది. ఒళ్లు చూస్కుంటున్నవా జర? అమ్మీ నన్ను చూస్కోమన్నది గానీ, నిన్ను చూస్కోమని నాకెవ్వలు చెప్పలే."

ఆయన రొట్టె సగంలో వదిలి లేచాడు.

ఇంకొక్క వరస వేస్తే తెలుస్తుందనుకున్నాడు. వేశాడు. తెలియలేదు. ఇంకొక్కటి... అట్లా పదమూడు వరసలయ్యాయి. చెవి బోర్డుకి ఆనించి పిలిస్తే తప్ప ఇప్పుడు ఆమె ఉన్నట్టే తెలియడం లేదు.

పదిహేడు తారీఖు సాయంత్రానికి మిగిలింది ఒకే ఒక్క బోర్డు. పడమటి గోడ పక్కన, మూలకి. కింద డెకరేషన్‌వాళ్లు స్టేజీ కట్టి, పూలు రాత్రికి తెస్తామని పోయారు. హాలులో ఎవరూ లేరు.

పరంజా ఎక్కారు ఇద్దరూ. సాంబయ్య చెవుల్లో దూది పెట్టుకున్నాడు. నయీముద్దీన్ బోర్డు నెత్తిమీదికి ఎత్తాడు. ఫ్రేముకి ఇంకా జానెడు సందుంది. ఆ సందులోంచి పైన చీకటి... పరుపుల మీద పరుపులు... వైర్లు.

ఆఖరుసారి. పెదవులతోనే అన్నట్టు అన్నాడు—

"షహనాజ్."

వెంటనే పలికింది. చెవి పక్కనే పలికింది.

"వచ్చిండ్రా? ఒక్క మాట చెప్పాలె... ఆ రోజు గూడ చెప్పిన... మీరు తల ఊపిండ్రు గానీ—"

ఆగలేదు. గబగబా చెబుతోంది. రైలు కదిలిపోతుంటే కిటికీలోంచి చెప్పినట్టు చెబుతోంది. నయీముద్దీన్ ఆ సందులోకి ముఖం పెట్టబోయాడు. మెడ సాచాడు. నెత్తితో పాటే బోర్డు లేచింది—

ఫ్రేముకి తగిలింది.

డ్రిల్ మోగింది.

"ఆపు!"

సాంబయ్యకి వినబడలేదు. అతని చూపు స్క్రూ మొన మీద ఉంది.

"సాంబయ్యా... ఆపు..."

రెండో స్క్రూ. మూడోది. పైన గొంతు ఇంకా ఉంది. మోత ఆగిన రెప్పపాటులో ఒక అక్షరం, మళ్లీ మోత. నాలుగోది.

చేతులు వదిలేస్తే సరిపోయేది. బోర్డు కింద పడి ముక్కలయ్యేది, సాంబయ్య ఉలిక్కిపడి ఆగిపోయేవాడు, ఆ మాట వినబడేది. ఆ సంగతి నయీముద్దీన్‌కి తట్టింది కూడా. వదలమని చేతులకు చెప్పాడు. ముప్పై ఏళ్లుగా ఒక్క బోర్డునీ జారనివ్వని చేతులవి. అవి వదల్లేదు. సర్దుకుని, చుక్కల వరస పక్క బోర్డుతో కలిసిందో లేదో వేళ్లతోనే తడిమి చూసి, ఇంకా గట్టిగా నొక్కిపట్టాయి.

పద్నాలుగు... పదిహేను... పదహారు.

మోత ఆగింది.

హాలులో ఏమీ లేదు. ఊపిరి వదిలితే ఊపిరి చప్పుడు కూడా అక్కడికక్కడే చచ్చిపోతోంది.

సాంబయ్య చెవుల్లోంచి దూది పీక్కుని, ఆయన ముఖం చూసి జంకాడు. "పిలిచినవా అన్నా?"

జవాబు చెప్పేలోపు కింద తలుపు దగ్గర్నుంచి ఓంప్రకాశ్ గొంతు వినిపించింది. ఎంత తేటగా ఉందో ఆ గొంతు. ఒక్కో అక్షరం ముత్యంలా ఉంది.

"నయీం భాయ్, పైన ఆమెవ్వలు?"

ఇద్దరూ కిందికి చూశారు.

"ఎవ్వలు సేట్?"

"గదేంది, ఇప్పటిదాక మాట్లాడిందిగా. నేను తలుపు తీసేటప్పుడు గూడ మాట్లాడుతనే ఉన్నది. ఆమె దిగిందా, లేదా? చూస్కోకుంట బోర్డు మూసిండ్రేంది?"

సాంబయ్య చేతిలో మిషన్ కిందికి వాలింది.

నయీముద్దీన్ పరంజా అంచు పట్టుకుని కిందికి వంగాడు. "ఏమన్నది సేట్?"

"మిషిన్ మోతల ఏం ఇనబడ్తది భాయ్."

"ఒక్క ముక్క... ఒక్క ముక్కన్న..."

ఓంప్రకాశ్ ఆ మూల వైపు తలెత్తి చూశాడు.

"మాట తెల్వలే. గని... బతిమిలాడుతున్నట్టు ఉండే."

నయీముద్దీన్ మిషన్ లాక్కున్నాడు. పదహారు స్క్రూలూ ఊడదీశాడు. బోర్డు సాంబయ్య చేతిలో పెట్టి, తల ఆ సందులో దూర్చి, భుజాల దాకా పైకి లేచాడు. టార్చి వేశాడు. పసుపుపచ్చ పరుపులు, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, తన చేత్తోనే సందు లేకుండా పరిచినవి.

పిలిచాడు.

మళ్లీ పిలిచాడు. తర్వాత అరిచాడు. ఆయన షహనాజ్ పేరు పెట్టి అరిచిన అరుపు, కింద నాలుగడుగుల్లో ఉన్న సాంబయ్యకి పక్కగదిలో ఎవరో దగ్గినట్టు వినబడిందట.

తెల్లారితే పద్దెనిమిది తారీఖు. పూలబండి గేటు దగ్గర హారన్ కొట్టింది. ఓంప్రకాశ్ గడియారం రెండుసార్లు చూసుకున్నాడు.

ఎంతసేపటికో నయీముద్దీన్ తల బయటికి తీశాడు. జుట్టు నిండా గ్లాస్ వూల్ నూగు. ఎవరి ముఖమూ చూడకుండా బోర్డు మళ్లీ నెత్తికెత్తుకుని, చుక్కలు చుక్కలకు కలిపి, ఒక చెయ్యి కిందికి చాపాడు — స్క్రూల కోసం.