పద్నాలుగిళ్ళకీ ఒకే జ్వరం లెక్క

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, అత్తగారు ఫోన్లో అంకెలు నొక్కుతున్నారు. ఒకటో నంబరిల్లు, తొంభై ఎనిమిది పాయింటు నాలుగు. రెండో నంబరిల్లు, అదే. పద్నాలుగిళ్ళూ అయ్యేసరికి కాఫీ చల్లారిపోయింది. ఒక్క ఇంటికైనా థర్మామీటరు పట్టుకెళ్ళారా అంటే, అబ్బే!

"ఏంటత్తయ్యా, పొద్దున్నే ఫోన్లో మునిగిపోయారు?" కోడలు బ్యాగు తగిలించుకుంటూ అడిగింది.

"కుట్టుపని వీడియోలే తల్లీ."

"కళ్ళు చూడండి, ఎలా ఎర్రబడ్డాయో! కాస్త తగ్గించండి."

కోడలు ఆరోగ్య కార్యకర్త. ఎక్కడ జ్వరాలు మొదలైనా ఆఫీసుకి వెంటనే తెలియాలని ఆ యాప్ పెట్టారు. ఇంటింటివాళ్ళూ రోజూ జ్వరం చూసుకుని అందులో అంకె నింపాలి. ఎవరు నింపుతారండీ? "మాకెందుకీ గొడవ, ఇంటి నంబరు కొట్టి మీరే నొక్కేయండి పిన్నిగారూ" అని అందరూ అత్తగారి మీదికే నెట్టి చేతులు దులిపేసుకున్నారు. సొంత వీధి లెక్కే సగం ఖాళీ అని పై అధికారి నలుగురిలో చెడామడా తిట్టిన రోజు కోడలు భోజనం ముట్టలేదు. కొడుకేమో లారీ మీద తిరుగుతూ వారానికోసారి వచ్చే మనిషి. అత్తగారే ఫోన్ చేతిలోకి తీసుకున్నారు. మర్నాటి నుంచి యాప్‌లో వీధి మొత్తం జ్వరం లేదనే పచ్చరంగుతో నిండిపోయింది.

ఆ మధ్యాహ్నం కోడలు వేళ కాని వేళ ఇంటికొచ్చింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మందుల షాపాయన దగ్గర జ్వరం బిళ్ళలు అయిపోయాయట. కొన్నవాళ్ళంతా మన వీధివాళ్ళే. నా ఫోన్లో మాత్రం ఒక్కరికీ జ్వరం లేదు. పది రోజులుగా అన్ని ఇళ్ళకీ ఒకే అంకె! మనుషుల ఒళ్ళు అలా ఉంటుందా? ఎవరత్తయ్యా ఈ పని చేసింది?"

కుట్టుమిషను ఆగిపోయింది.

"నేనే. నిన్నెవరూ మాట అనకూడదని..."

"మూడిళ్ళలో జ్వరం కనబడితే చాలు, నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళు పరిగెత్తుకొస్తారు. రాలేదు. అందరం ఆ నీళ్ళే తాగుతున్నాం. పోస్టుమాన్ గారి భార్య లేవలేకుండా ఉంది. ఆవిడకేమైనా అయితే నేనేం మొహం పెట్టుకుని ఈ వీధిలో తిరగను?"

నిన్ననే అత్తగారు ఆవిడకి జాకెట్టు ఇవ్వడానికి వెళ్ళి, ముసుగుతన్ని పడుకుందని గుమ్మంలోంచే తిరిగొచ్చారు. అది తలుచుకుంటూ గబగబా లేచి, కోడలి బ్యాగులోంచి థర్మామీటరు, దాన్ని తుడిచే దూది, మందు తీసుకుని చెప్పులేసుకున్నారు.

"ఎక్కడికి?"

"ఇంటింటికీ. నేను రాసిన అబద్ధాలు నేనే దిద్దుకోవాలిగా!"

కోడలు గుమ్మంలో నిలబడి ఫోన్ చూస్తూ ఉండిపోయింది. నాలుగో నంబరిల్లు, నూట ఒకటి. ఏడో నంబరిల్లు, నూట రెండు. ఒక్కో ఇల్లూ ఎర్రబడుతుంటే భయమేసింది, గుండె కాస్త కుదుటపడింది కూడా. పోస్టుమాన్ గారి భార్యని ఆస్పత్రికి పంపించారు. సాయంత్రానికి నీళ్ళు పరీక్ష చేసేవాళ్ళొచ్చారు. మలుపు దగ్గర పగిలిన గొట్టంలోకి మురుగు చేరుతోందని తేల్చి, నీళ్ళు ఆపేసి ట్యాంకరు తెప్పించారు. పోస్టుమాన్ గారి భార్యకి ప్రమాదమేం లేదని కబురొచ్చాక గానీ అత్తగారు కుర్చీలో కూలబడలేదు.

ఫోన్లో చివరగా ఎర్రబడ్డ ఇల్లు చూసి కోడలు ఉలిక్కిపడింది. అది తమదే. వెళ్ళి అత్తగారి నుదుటి మీద చెయ్యి వేసింది. కాలిపోతోంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడు రోజులైంది. మనింట్లోనే జ్వరమంటే నిన్ను మళ్ళీ తిడతారని..."

"తిడితే తిట్టనీండి! మీకంటే ఎక్కువా నాకా ఉద్యోగం?" కోడలు బావురుమంది.

"ఊరుకో తల్లీ. రేపు మీ ఆఫీసుకి నేనే ఫోన్ చేస్తాను. తప్పు నాది, తిట్లూ నావే."

మర్నాడు పొద్దున కోడలు థర్మామీటరు అత్తగారి నోట్లో పెట్టింది. "ఇక మీకు రోజూ నేనే చూస్తాను. రెండు నిమిషాలు నోరు మెదపకూడదు" అని పక్కనే కూర్చుని, ఆవిడ చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. మాట్లాడే వీల్లేక అత్తగారు ఆ చేతిని గట్టిగా పట్టుకున్నారు. కళ్ళనీళ్ళు మాత్రం ఆగలేదు.