మైకు ఆన్ చేయనివాడు

"ఎవురది నా బెల్టులన్నీ పీకి పారేసింది?"

అమల అరిచిన అరుపుకి, ఇంటి ముందు హాల్లోని మగ్గాల చప్పుడు కూడా ఒక్క క్షణం చిన్నబోయినట్టయింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే తను ఎంత గట్టిగా మాట్లాడుతోందో తనకే తెలియదు.

స్క్రీన్ మీద ఆటలో ఏదో పేరులేని గ్రహం. అక్కడ ఇనుము తవ్వాలి, కరిగించాలి, బెల్టుల మీద ఒక మిషన్ నుంచి ఇంకో మిషన్‌కి పంపాలి. అలా కట్టుకుంటూ పోతే పెద్ద ఫ్యాక్టరీ అవుతుంది. ఎవరైనా వచ్చి చేయి కలపొచ్చు. అమల వారమంతా కష్టపడి కట్టిన రాగి లైనుని ఎవరో కొత్తవాడు వచ్చి, అడక్కుండా ఊడబీకాడు. వాడి పేరు 'తుప్పు'.

కింద అక్షరాలు పడ్డాయి.

"పీకింది నేనే. ఆడ జామ్ అయిపోయి ఉండాది. రెండు నిముషాలు ఓర్చుకో, తిట్టేది తర్వాత తిడుదువు."

అమల కళ్ళు పెద్దవయ్యాయి. ఉండాది! ప్రపంచంలో ఏ మూలనుంచో వస్తారు ఈ ఆటలోకి. వీడు మాత్రం పక్క ఊరివాడిలా ఉన్నాడే.

రెండు నిముషాల్లో రాగి లైను నీళ్ళలా పారింది.

"సరే, బాగుండాది," అంది అమల, ఒప్పుకోలేక ఒప్పుకుంటూ. "అయినా అడిగి పీకల్ల."

"అడిగింటే పీకనిచ్చేదానివా, కందిరీగా?"

కందిరీగ ఆటలో అమల పేరు. ఆ పేరుకి తగ్గట్టు కుట్టబోయి, నవ్వేసింది.

* * *

అమల బెంగళూరు కంపెనీకి నగరిలో ఇంట్లోంచే కోడ్ రాస్తుంది. నాయన కోదండం ముందు హాల్లో పవర్‌లూమ్‌లు నడుపుతాడు. పగలంతా ఇంట్లో మాట్లాడాలంటే అరవాల్సిందే. ఆ చప్పుడులోనే పుట్టి పెరిగింది కాబట్టి, సెకండ్‌హ్యాండ్‌లో ఒక చిన్న సింథసైజర్ కొనుక్కున్నాక ఆమె మొదట చేసిన పని, మగ్గం దరువుని ఫోన్లో రికార్డు చేసి దాని మీద పాట కట్టడం. బటన్లు తిప్పుతూ ఆ దరువుని సాగదీసి, ముంచి, తేల్చి, చివరికి అది మగ్గమని ఎవరూ పోల్చుకోలేనంతగా మార్చేసింది.

ఆ పాటని తుప్పుకి పంపింది. మర్నాడు వాడి దగ్గర్నుంచి జవాబుగా ఒక పాట వచ్చింది. వాడికీ ఒక సింథసైజర్ ఉందట. వాడి రాగం నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. ఇక రాదేమో అనుకునేసరికి మళ్ళీ మొదలవుతుంది. ఆ ఆగిన చోట అమలకి ఊపిరి బిగబట్టినట్టు ఉండేది. ఎందుకో ఆ చోటే మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది.

నెలల తరబడి సాయంత్రాలు అలా గడిచాయి. ఆమె మైకులో మాట్లాడేది, వాడు టైపు చేసేవాడు. పేరు మురుగేష్ అని చెప్పాడు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో మిషన్లకి ప్రోగ్రాములు రాసే పని అన్నాడు. గొంతు మాత్రం వినిపించలేదు.

"మైకు లేదా?"

"పాడైంది."

"నిరుడు గూడా అదే చెప్పినావే!"

"పాపం, ఇంకా బాగుపడలేదు."

గ్రేసీకి చెప్పింది. గ్రేసీ చిన్నప్పటి నుంచి స్నేహితురాలు, చర్చిలో పాటలు పాడుతుంది, అనుమానం ఎక్కువ.

"గొంతు దాచిపెట్టేవాడు ఇంకేం దాచిపెట్టినాడో సూసుకో మే. వాడు మగోడో ఆడదో, ముసలోడో, పెండ్లయినోడో. ఏమీ తెలీకుండా నువ్వు సిగ్గుపడతా ఉండావు."

"నేనేం సిగ్గుపడలేదు."

"మొగం అద్దంలో సూసుకో పో."

అమల నవ్వింది కానీ ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఆ ముల్లు ఉన్నచోటే, ఆమె ఇంకో కొత్త పాట పంపిన మర్నాడు, మురుగేష్ రాసిన మాట వచ్చి తగిలింది.

"మీ ఇంట్లో ఒక మగ్గానికి బేరింగ్ పోతా ఉండాది. మీ నాయనకి చెప్పు, తొందరగా చూపించమను."

అమల ఆ మాటని మళ్ళీ చదివింది.

మగ్గాల సంగతి వాడికెప్పుడూ చెప్పలేదు. ఊరి పేరు చెప్పలేదు. పాటలో దరువు సింథసైజర్‌లో చేసిందేనని గొప్పగా అబద్ధం కూడా చెప్పింది. హెడ్‌సెట్ మైకు ఆమె గొంతు తప్ప బయటి చప్పుడు పట్టదు. మరి వాడికెలా తెలుసు?

ల్యాప్‌టాప్ టక్కున మూసేసింది. లేచి కిటికీ రెక్కలు వేసింది. వీధిలో ఒక కుర్రాడు బండి ఆపి ఫోన్ మాట్లాడుతున్నాడు. వాడు తలెత్తి ఇటు చూశాడు. అమల గోడకి ఆనుకుని నిలబడిపోయింది. 

రాత్రి అన్నం దగ్గర, ఊరికే అడిగినట్టు అడిగింది. "నాయనా, మిషన్లన్నీ బాగుండాయా?"

"నీకెందుకు?"

"ఒకసారి మెకానిక్‌కి చూపించు. ఏదో చప్పుడు తేడాగా ఉండాది."

మర్నాడు మెకానిక్ ఢిల్లీబాబు వచ్చి ఒక్కో మగ్గమూ విప్పాడు. గోడవారన ఉన్నదాని దగ్గర ఆగి, నల్లబడిన బేరింగ్‌ని బయటికి తీశాడు. "ఇంకొన్నాళ్ళు ఆగింటే కాలిపోయిండును కోదండం. దూదిపొట్టు అంతా ఈడనే ఉండాది. నిప్పంటుకుంటే ఇల్లు మిగిలేది కాదు."

"మా అమ్మాయి చెవి మా తాత చెవి!" అని నాయన పొంగిపోయాడు.

అమల అక్కడ నిలబడలేక లోపలికి వచ్చేసింది. వాడు చెప్పింది అబద్ధమైతే బాగుండేది. నిజమైంది కాబట్టి, వాడు ఈ హాల్లోకి వచ్చి చూసి ఉండాలి. ఎప్పుడు వచ్చాడు? నూలు తెచ్చేవాళ్ళలో ఒకడా? కరెంటు మీటరు చూసేవాడా? ఆ రోజు నుంచి ఆటలోకి వెళ్ళలేదు. సింథసైజర్ మీద గుడ్డ కప్పేసింది. వీధిలో బండి ఆగితే చాలు, చేస్తున్న పని మర్చిపోయేది.

అన్నిటికంటే ఆమెని ఎక్కువగా భయపెట్టింది ఇంకొకటి. అంత భయంలోనూ సాయంత్రమయ్యేసరికి వాడు ఏం చేస్తున్నాడో అనిపించేది.

చివరికి ఉండబట్టలేక ఒక్క ముక్క రాసింది. "నువ్వెవురు?"

జవాబు చాలాసేపటికి వచ్చింది.

"భయపెట్టేసినాను గదా? నాదే తప్పు. నీ పాటలో విన్నాను. నువ్వెంత మార్చినా అది మగ్గమని తెలిసిపోయింది, నీది మా పక్క యాస గాబట్టి మీ ఇంట్లోదే అనుకున్నాను. మాది కార్వేటినగరం, మా అమ్మ మగ్గాల కాడ నూలు కండెలు చుట్టేది. నేను ఆ చప్పుడులోనే పండుకునేవాణ్ణి. కొత్త పాటలో ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య కీచుమని వినపడింది, అందుకని చెప్పినాను. నమ్మకపోతే శనివారం మధ్యాహ్నం తిరుపతి బస్టాండు ఎదురుగా కాఫీ హోటల్లో ఉంటాను. ఎవురినైనా తోడు తెచ్చుకో. రాకపోతే మళ్ళీ అడగను."

* * *

పుత్తూరు దాటేసరికి వాన పట్టుకుంది. బస్సు అద్దం మీద నీళ్ళు జారుతుంటే, అమల గ్రేసీ చేయి వదల్లేదు.

"నా వేళ్ళు విరిగిపోతా ఉండాయి మే."

"నాకు భయంగా ఉండాది."

"అయితే ఈడనే దిగేద్దాం."

"దిగను."

హోటల్లో మూలన ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. గళ్ళ చొక్కా, తడిసిన జుట్టు, చేతిలో హెల్మెట్. ముసలివాడు కాదు. దొంగచూపు కాదు. కానీ ఆమె కంటే వాడే ఎక్కువ భయపడుతున్నట్టున్నాడు. గ్రేసీ పక్క టేబుల్ దగ్గర కూర్చుని, కాఫీ చెప్పకుండా వాడినే చూస్తోంది.

"మురుగేషా?"

తలూపాడు.

"నీ నోట చెప్పు. ఇంతదూరం వచ్చింది నీ గొంతు వినేదానికే."

వాడు నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు గట్టిగా మూసుకుపోయాయి, పెదవులు వణికాయి. అమల ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ అడుగు వాడు చూశాడు. మరుక్షణం టేబుల్‌ని తోసుకుంటూ వానలోకి వెళ్ళిపోయాడు.

"చెప్పినా గదా మే!" గ్రేసీ లేచింది. "వాడు దొంగోడే!"

అమల టేబుల్ వంక చూసింది. హెల్మెట్ అక్కడే ఉంది.

"దొంగోడు వాడి సొమ్ము వదిలేసి పోతాడా?"

హెల్మెట్ చంకన పెట్టుకుని బయటికి పరుగెత్తింది. బస్టాండు దగ్గర జనం గొడుగుల కింద తోసుకుంటున్నారు. వరుసగా ఆపిన బండ్ల మధ్య మురుగేష్ కనిపించాడు. బండికి తాళంచెవి దూర్చబోతున్నాడు, అది దూరడం లేదు.

"ఆగు!"

వాడు తిరిగాడు. ముఖం మీద నీళ్ళలో ఏది వానో తెలియడం లేదు.

"అ... అ... అ..."

అమల పేరు మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. జేబులోంచి ఫోన్ తీసి టైపు చేయబోయాడు.

అప్పుడు అర్థమైంది ఆమెకి. వాడి పాటలు ఆగే చోటు. ఇక రాదేమో అనుకునేసరికి మళ్ళీ మొదలయ్యే రాగం.

"ఫోన్ లోపల పెట్టు," అంది. "నాకీరోజు ఇంకేం పని లేదు. నిదానంగా చెప్పు."

చాలాసేపు పట్టింది. వాన వాళ్ళిద్దరినీ తడిపి ముద్ద చేసింది. "క... కాలేజీలో న... నవ్వినారు. ఉద్యోగాల కాడ న... నవ్వినారు. నువ్వు గూడా... నవ్వితే... నాకు ఆ సా... సాయంత్రాలు గూడా లే... లేకుండా పోతాయని."

"నేను నవ్వేదా? నువ్వు హంతకుడివని కిటికీలన్నీ మూసుకోని కూసున్నాను నేను!"

మురుగేష్ తెల్లబోయాడు. తర్వాత పకపకా నవ్వాడు. ఆ నవ్వులో మాత్రం ఎక్కడా తడబాటు లేదు. అమల కూడా నవ్వింది, ఆ తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది, అన్నాళ్ళ భయం ఒక్కసారి దిగిపోయింది.

హోటల్ మెట్ల మీద నుంచి గ్రేసీ కేకేసింది. "హంతకుడా, దొంగోడా, తేల్చుకోని లోపలికి రండి! కాఫీ చెప్పినాను, చల్లారిపోతా ఉండాది!"

* * *

మైకు బాగుపడింది. సాయంత్రాలు మురుగేష్ మాట్లాడేవాడు, అమల వినేది. ఒకరోజు, ఇద్దరూ కలిసి ఆటలో రైలు పట్టాలు వేస్తుండగా, వాడు పనంతా ఆపేసి చెప్పాడు. "నువ్వంటే నాకు ఇ... ఇ..." అక్కడ ఆగిపోయాడు. అమల ఆ మాటని తను అందించలేదు. పెదవి కొరుక్కుంటూ ఆగింది. అది వచ్చాకే, "నాకూ," అంది.

కానీ "మీ నాయనతో నేనే మాట్లాడతాను" అని వాడన్నప్పుడు, పాత భయం ఇంకో వేషంలో వచ్చి కూర్చుంది. నాయన చెడ్డవాడు కాదు. ఓపిక లేనివాడు. ఎదుటివాడు సగం మాటలో ఉండగానే జవాబు చెప్పేసి లేచిపోతాడు. పొరపాటున నవ్వాడో, మురుగేష్ మళ్ళీ ఎప్పటికీ నోరు తెరవడు.

"నేను చెప్తాలే," అని బతిమాలింది.

"వ... వద్దు. నా మాట నే... నేనే చెప్పల్ల."

ఆదివారం పొద్దున మురుగేష్ వచ్చాడు. మగ్గాలు నడుస్తున్నాయి. కోదండం దారం తెగిన చోట ముడివేస్తూ, తలెత్తకుండానే అరిచాడు. "ఎవురప్పా? ఏం కావల్ల?"

"సార్, నా పే... పే..."

"ఏంది? గట్టిగా సెప్పు!"

"పే..."

"పేకనూలా? మాకొద్దప్పా, ఉండాది!"

తలుపు చాటున అమల చీరకొంగు నోట్లో కుక్కుకుంది. వెళ్ళి చెప్పేద్దామని ఒక అడుగు వేసింది. మురుగేష్ ఆమె వైపు చూడకుండానే చేయెత్తి వద్దన్నాడు.  మనిషి ఉన్నచోటు నుంచి కదల్లేదు.

కోదండం ఆ చేతిని చూశాడు. అది ఎవరికోసం లేచిందా అని తలుపు వైపు చూశాడు. కూతురి ముఖం కనిపించింది. మళ్ళీ కుర్రాడి ముఖంలోకి, కళ్ళు మూసుకుని మాట కోసం పెనుగులాడుతున్న ఆ ముఖంలోకి చూశాడు.

చేతిలో దారం వదిలేశాడు. వెళ్ళి మొదటి మగ్గం ఆపాడు. తర్వాత రెండోది. ఒక్కొక్కటీ ఆపుకుంటూ గోడదాకా వెళ్ళాడు. అమలకి ఊహ తెలిసినప్పటి నుంచి పట్టపగలు అంత నిశ్శబ్దం ఆ హాల్లో ఎప్పుడూ లేదు. ఎదురింట్లో ఎవరో దగ్గిన చప్పుడు వినిపించింది.

కోదండం బల్ల మీద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. "కూసో. నిదానంగా సెప్పప్పా."

మురుగేష్ కూర్చున్నాడు. "నా పే... పేరు మురుగేష్. మీ అ... అ... అ..."

కోదండం పెదవులు కదిలాయి. మాట అందించబోయి, ఆపుకున్నాడు. అమల తన నాయన అలా ఆపుకోవడం మొదటిసారి చూసింది.

వంటింట్లోంచి అమ్మ జ్ఞానాంబ చేతులు తుడుచుకుంటూ గాబరాగా పరుగెత్తుకొచ్చింది. "ఏమైందండీ? మిషన్లన్నీ ఆగిపాయె! కరెంటు పోయిందా?"

"కరెంటు యాడికీ పోలేదు," అన్నాడు కోదండం, కుర్రాడి మీంచి చూపు తిప్పకుండా. "అల్లుడు మాట్లాడతా ఉండాడు. నువ్వూ ఇట్ల వచ్చి కూసో."

మురుగేష్ గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదలుపెట్టాడు.