బరువైన కాలు

రెండేసి మెట్లు దూకుతోంది ఆమె.

వెనక బూట్ల చప్పుడు!

"మేడమ్! ఆగండి!" గోడౌన్ గార్డు అరుస్తున్నాడు.

ఆగడమా? ఆగితే తమ్ముడి ప్రాణం పోతుంది!

కరెంటు లేదు. చేతిలో సెల్‌ఫోన్ వెలుగు ఒక్కటే...

ట్రస్టుకి ప్రకటనలు రాసే మనిషి ఆమె. గోడౌన్‌కి వచ్చింది ఫొటో కోసం. యుద్ధంలో కాళ్ళు పోయినవాళ్ళకి ట్రస్టు కృత్రిమ కాళ్ళు పంపుతుంది. ప్రతిసారీ ఒక కాలు ఒంటిచేత్తో ఎత్తి పట్టుకుని సెల్ఫీ తీసుకుంటుంది. అదే పేపర్లకి పంపుతుంది.

ఈసారి ఎత్తింది... కాలు లేవలేదు!

రెండు చేతులా లేపి, దాని పైమూత ఊడబెరికింది.

లోపల తూటాలు. కిక్కిరిసి!

పైన పటారం, లోన లొటారం అంటారు. ఈ కాలు లోన లొటారమైనా బాగుండేది!

మిగతా కాళ్ళ పెట్టెలు అప్పటికే వ్యాన్‌లోకి ఎక్కేశాయి. ఆ వ్యాన్ నడిపేది తన తమ్ముడు. వీధి చివర వంతెన చెక్‌పోస్టులో సైనికులకి దొరికితే కాల్చి పారేస్తారు.

అందుకే పరుగు తీసేముందే చెక్‌పోస్టు ఆఫీసర్‌కి ఫోన్ కొట్టింది.

"సార్, మా తెల్ల వ్యాన్ వస్తే ఆపండి. అందులో తూటాలున్నాయి. డ్రైవర్ మా తమ్ముడు సార్, వాడికేం తెలీదు! నోట్లో వేలు పెడితే కొరకలేడు. చెయ్యెత్తితే చాలు, ఆగుతాడు."

"ఆగితే ఏం కాదమ్మా. నాదీ పూచీ."

అయినా మనసు ఊరుకుంటుందా? బయల్దేరకముందే వాణ్ణి దింపెయ్యాలి!

పెరట్లోకి వచ్చి పడింది. పక్క హాల్లో జనరేటర్ వెలుగు. మైకులో ఛైర్మన్ పెద్దాయన గొంతు.

"మా ట్రస్టు ఏ పార్టీదీ కాదు! తుపాకీ పట్టిన చెయ్యి గాయానికి కట్టు కట్టలేదు!"

చప్పట్లు!

ఆ మాటలు రాసింది తనే.

వ్యాన్ ఇంజన్ స్టార్టయింది...

"ఒరేయ్! దిగరా! పెట్టెల్లో తూటాలు!"

వెనక గార్డు ఆగిపోయాడు. తమ్ముడు అతనికి చెయ్యూపాడు.

అంతా తెలిసినవాడికి ఊపినట్టు!

"తెలుసక్కా," అన్నాడు తమ్ముడు.

"ఏం తెలుసురా?"

"ఎక్కించింది నేనే. పెద్దాయన ఎవరి వైపో ఊరందరికీ తెలుసు, నీకు తప్ప. మనవాళ్ళు చేతులు ముడుచుకుని చావాలా?"

"శాంతి అని రాయించాడు కదరా నాచేత!"

"రాశావు కాబట్టే కదా! వ్యాన్ మీద నీ మాటలు చూస్తే ఒక్కడూ ఆపడు. ఇవాళ ఎవడైనా ఆపినా నేనాగను."

"ఆగరా! నేనే వాళ్ళకి..."

ఇంజన్ హోరు మాటని మింగేసింది. వ్యాన్ గేటు దాటేసింది!

తమ్ముడికి ఫోన్. రింగవుతోంది... ఎత్తడు. మళ్ళీ. ఎత్తడు!

చేతిలో ఫోన్ మోగింది. తమ్ముడు కాదు. ఆఫీసర్!

"అమ్మా, చెయ్యెత్తాం. ఆగట్లేదు!"

"కాల్చకండి సార్! వాడికేం..."

ఇందాక ఎంత తేలిగ్గా చెప్పింది ఆ మాట! ఇప్పుడది అబద్ధం.

"వాడికేం తెలీదనేగా అన్నారు? మరి మా గేటు మీదికే తోలుకొస్తున్నాడేంటమ్మా?"

"సార్... వాడు... నా తమ్ముడు సార్!"

ఫోన్‌లో ఢాం!

హాల్లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.