మూడు వేళ్ల అడుగు

యంత్రం గుండ్లమిట్ట గడ్డినేల మీద ఆగి, కిందికి నీలం వెలుతురు వదిలింది.

"నక్క. ఆడది. పోయి రెండు గంటలైంది," అంది. గొంతు మాత్రం ఆ నేల కాపలాదారు మద్దిలేటిది.

పక్కనే నిలబడ్డ రెండో కాపలాదారు ఓబులేసు మొహం తిప్పుకున్నాడు.

అది 2047వ సంవత్సరం. యంత్రం పేరు స్టెప్ రీడర్. ఊళ్లోవాళ్లు అడుగుల పెట్టె అంటారు. గడ్డి మధ్య అక్కడక్కడా జల్లెడ పట్టిన మన్ను పరిచి ఉంచుతారు. ఏ జీవి తొక్కినా అడుగు పడుతుంది. యంత్రంలోని లేజర్ ఆ గుంట లోతు కొలుస్తుంది. అంచు నుంచి మన్ను ఎంత జారిందో చూసి, అడుగు పడి ఎంతసేపైందో చెబుతుంది. కానీ ఏ అడుగు ఎవరిదో దానికి మనిషే నేర్పాలి. దాన్ని తయారుచేసిన డాక్టర్ షమీమ్ అందుకు మద్దిలేటిని పెట్టుకుంది; యంత్రానికి గొంతు కూడా అతనిదే ఇచ్చింది.

ఆ మద్దిలేటికి అడుగులు చూడడం నేర్పింది ఎవరు? ఓబులేసు. ముప్పై ఏళ్ల కింద, చెవి మెలేసి మరీ.

"నన్నెందుకు అడగలేదమ్మా?" అని ఆయన ఒకసారి నిలదీశాడు.

"అడిగాను కదా పెద్దాయనా. ప్రశ్నకో తిట్టు తిట్టారు. యంత్రం అవి కూడా నేర్చుకుంటుందని భయమేసింది," అని షమీమ్ నవ్వింది.

ఆ నవ్వు ఓబులేసు మరిచిపోలేదు.

గుండ్లమిట్టను సోలార్ పలకల కోసం ఒక కంపెనీ అడుగుతోంది. ఇవ్వాలో వద్దో తేల్చడానికి కమిటీ వస్తోంది. జింకలున్నాయి, నక్కలున్నాయి, నేలకేం కాదులే అనుకున్నాడు ఓబులేసు. ఆయన చూపంతా యంత్రం మీదే. కమిటీ వచ్చే రోజు తెల్లవారగానే పోయి, మన్ను మీద మూడు వేళ్లు చాచి, మణికట్టు వంచి నొక్కాడు. బట్టమేక పిట్ట గడ్డినేలల్లో తిరిగే పెద్ద పక్షి, ఇప్పుడు దాదాపు కనుమరుగైంది. దానికి వెనకవేలు ఉండదు. ముందువి మూడే, పొట్టిగా, లావుగా. తోటి వేటగాళ్లను ఆటపట్టించడానికి పాతవాళ్లు వేసే దొంగ అడుగు అది. దాన్ని మద్దిలేటికి ఆయన నేర్పలేదు. అందరి ముందూ యంత్రం బోల్తాపడాలి. అప్పుడు తాను, "అవి నా వేళ్లురా!" అనాలి.

కమిటీ వచ్చింది. నీలం వెలుతురు పడింది.

"బట్టమేక పిట్ట. మగది. పోయి మూడు గంటలైంది."

మద్దిలేటి మోకాళ్ల మీద కూలబడ్డాడు. "పన్నెండేండ్లయిందన్నా దీన్ని చూసి! ఇటు రాన్నా, చూడన్నా!"

"రేయ్, అది..." అని ఓబులేసు మొదలుపెట్టాడు.

కమిటీ అధ్యక్షుడు ఫైలు మూసేశాడు. "ఈ అడుగే లేకుంటే ఇవాళే సంతకం పెట్టేసేవాళ్లం. నక్కలూ జింకలూ ఇంకోచోట బతుకుతాయి. ఈ పిట్టకు వేరే చోటు లేదు." తర్వాత ఓబులేసు వైపు తిరిగాడు. "మీరూ అడుగులు చదువుతారట. ఏమంటారు?"

ఇన్నాళ్లకు అందరి ముందూ ఒకరు ఆయన్ని అడిగారు.

ఓబులేసు గడ్డి వైపు చూశాడు. చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"మగదే," అన్నాడు. "మావాడి యంత్రం తప్పు చెప్పదు."

నెల తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది. పలకలు రావు. నేల చుట్టూ కంచె. పిట్ట బెదరకుండా లోపల మనిషి అడుగు పడకూడదు; యంత్రం ఒక్కటే తిరుగుతుంది. కాపలాదారులిద్దరికీ పని పోయింది.

అలవాటు మానలేక ఇద్దరూ కంచె దాకా పోయారు. లోపలి నుంచి కేక వినిపించింది: "దూరం పోండి. ఇక్కడ నిలబడకూడదు."

"నా గొంతే నన్ను తరుముతాందన్నా," అన్నాడు మద్దిలేటి.

"ఏడ్చినావులే. నీ గొంతన్నా లోపలుంది."

"అవును. నీదే పాపం, ఏమీ మిగల్లేదే."

"అవి నా వేళ్లురా" అనడానికి ఓబులేసు నోరు తెరిచాడు. కంచె అవతల గడ్డి మోకాలెత్తు లేచి గాలికి ఊగుతోంది. ఆయన ఆ మూడు వేళ్లనూ పిడికిట్లో ముడుచుకున్నాడు.