ఐదు డిస్కుల తాళం

ఆత్మకూరు బస్టాండు ఎదుట టీ తాగుతున్న సౌండ్ ఇంజినీర్ ఓబులయ్య ఉన్నట్టుండి బెంచీ మీద పక్కకు ఒరిగిపోయాడు. తుపాకీ చప్పుడు ఎవరికీ వినబడలేదు. సైలెన్సర్!

ఏసీ మెకానిక్ వేషంలో ఎదుటి బెంచీ మీద ఉన్న సీక్రెట్ ఏజెంట్ మాల్యాద్రి ఒక్క దూకులో అతన్ని పట్టుకున్నాడు.

“ఉదయగిరి... సీడీ ఛేంజర్...” అన్నాడు ఓబులయ్య. ఇంకో మాట పెగల్లేదు.

మాల్యాద్రి పళ్లు నూరుకున్నాడు. నెలల తరబడి వెంటబడితే ఈరోజే నోరు విప్పడానికి ఒప్పుకున్న మనిషి, కళ్లెదుటే పోయాడు. జనంలోంచి సందు మొగలోకి తప్పుకుని సెక్యూర్ లైన్‌లో డైరెక్టర్ రామనారాయణకు రిపోర్ట్ ఇచ్చాడు.

“కోబాల్ట్ రింగ్ పనే,” అన్నారు డైరెక్టర్. “మధ్యాహ్నం మూడింటికి సోమశిల గేట్లన్నీ ఒక్కసారిగా తెరిపిస్తారు. ఆ టెక్నాలజీ కొనేవాళ్లకు అది డెమో. రిజర్వాయర్ నిండుకుండలా ఉంది. గేట్లు లేస్తే పెన్న ఒడ్డున సంగం దాకా ఊళ్లు మిగలవు.”

“మా అక్క సంగంలోనే ఉంది సార్.”

“తెలుసు. ఉదయగిరిలో మన మనిషి కలుస్తుంది. వెళ్లు.”

ఉదయగిరి సెంటర్‌లో నల్ల కళ్లద్దాలు, నెమలికంఠం రంగు పట్టుచీర, ఖరీదైన సెంటు వాసన. రోడ్డు మీద ప్రతి తలా ఆమె వైపే తిరుగుతోంది. రింగ్ బాస్, తెల్లదొర క్రెగ్‌కు కుడిభుజం, నిరోష.

“సంగం బస్సు పోయిందా?” అన్నాడు మాల్యాద్రి.

“పోయింది. ఆనకట్ట మీద ఆగింది.”

కోడ్ సరిపోయింది. ఆమె పెదవులు కదలకుండా మాట్లాడింది.

“కొండ కింద మేడ ఇల్లు. పై పోర్షన్ మాది. గేట్లకు సిగ్నల్ పంపే పెట్టె అక్కడే ఉంది. వైరు కోసినా, మూత తీసినా అప్పుడే సిగ్నల్ పోతుంది. దాన్ని ఆపేది పాటలే. పక్కనున్న సీడీ ఛేంజర్‌లో నాలుగు ట్రాకులు వరసగా వినిపించాలి. మెషిన్ డిస్క్ మార్చుకునేంత గ్యాప్ మాత్రమే ఉండాలి. చేత్తో మారిస్తే ఆలస్యమవుతుంది. ప్రోగ్రామ్ చేయాల్సిందే.”

“ఈ రోజుల్లో సీడీ ఛేంజరేంది?”

“నెట్ లేదు, పాస్‌వర్డ్ లేదు. హ్యాక్ చేయడానికి ఏముంది? ఓబులయ్య తెలివి అది. గుర్తుపెట్టుకో. మూడో డిస్క్‌లో ఐదు. ఒకటిలో రెండు. నాలుగులో ఏడు. రెండులో ఒకటి. మూడుసార్లు తప్పితే పెట్టె మన మాట వినదు. క్రెగ్‌ను నేను కొండ మీద ఏంటెనా దగ్గర ఆపుతాను.”

“నువ్వు ఎవరి మనిషివో నాకింకా తెలియదు.”

“నాక్కూడా ఒక్కోసారి తెలియదు,” అని ఆమె కారెక్కింది.

మేడ గది తాళం అతని పిన్నుకు వెంటనే లొంగింది. పొడవాటి ఏంటెనాతో ఇనప పెట్టె. పక్కన స్టూలు మీద ఐదు డిస్కుల ఛేంజర్.

మాల్యాద్రి వాచీలో సిగ్నల్ డిటెక్టర్ ఉంది. పెన్నులో కెమెరా ఉంది. కళ్లద్దాల్లో నైట్ విజన్ ఉంది. ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. ఛేంజర్ రిమోట్ కోసం సొరుగులు వెతికాడు. లేదు.

ప్రోగ్రామ్ బటన్ నొక్కాడు. డిస్క్ మూడు. ట్రాక్ ఐదు కోసం నొక్కుతుంటే డిస్‌ప్లే ఆరిపోయింది. ఆలస్యం చేస్తే మొదటికే వస్తుంది. మళ్లీ నొక్కాడు. ఈసారి వేలు జారి ట్రాక్ ఆరు పడింది. సరిదిద్దబోయి క్లియర్ నొక్కితే మొత్తం పోయింది.

“నీ అమ్మ కడుపు మాడ!” అన్నాడు మెషిన్‌తో.

చివరికి నాలుగూ ఎక్కాయి. ప్లే. పిల్లనగ్రోవి మోగింది. కానీ మొదట రావలసిన మూడో డిస్కు చివర్లో వచ్చింది. పెట్టె మీద ఎర్రలైటు ఒకటి వెలిగింది. అప్పుడు చూశాడు, డిస్‌ప్లే మూలన చిన్న అక్షరాలు. ర్యాండమ్! ఎవరో ఆన్ చేసి వదిలేశారు.

అది తీసేసి మళ్లీ మొదటినుంచీ ఎక్కించాడు. ఈసారి చెప్పిన వరసే. చెమట కళ్లలోకి కారుతుంటే ఊపిరి బిగబట్టి విన్నాడు. నాలుగో పాట అయ్యాక రెండో ఎర్రలైటు వెలిగింది.

నిరోష మోసం చేసిందా?

తలుపు తోసుకుని ఇంటి ఓనరు లిదియమ్మ వచ్చింది. “ఏందబ్బయా ఆ గోల? కింద నేను ప్రార్థన చేసుకోవద్దా?”

“ఏసీ మెకానిక్‌ను అవ్వా.”

“ఏసీకి పిల్లనగ్రోవి ఎందుకురా? పొద్దన ఆ తెల్లోడు కూడా దీంతోనే కుస్తీ పట్టినాడు. నీళ్ల క్యాను పెట్టను వచ్చి చూసినాను. ఆ పళ్లెం బయటికి తీసి బిళ్లలు అటూ ఇటూ మార్చి పెట్టినాడు.”

మాల్యాద్రి ట్రే తెరిచాడు. డిస్కుల మీద ఓబులయ్య మార్కర్‌తో వేసిన నెంబర్లున్నాయి. రెండో గుంటలో నాలుగు, నాలుగో గుంటలో రెండు! ఓబులయ్య ఎదురుతిరిగాడని తెలిసి క్రెగ్ వేసిన ఎత్తు. పాపం, నిరోషకు తెలియదు.

డిస్కులు సరిచేసి ట్రే మూశాడు. డిస్‌ప్లే ఖాళీ. ట్రే తెరిస్తే ప్రోగ్రామ్ పోతుందన్నమాట. ఏడవాలనిపించింది. అక్క మొహం కళ్లముందు మెదిలింది. “కిందికి పో అవ్వా, తలుపేసుకో,” అని ఒక్కో బటనూ పేరు చదివి మరీ నొక్కాడు.

ప్లే.

మూడో పాట నడుస్తుండగా మెట్ల మీద బూట్లు. క్రెగ్! చేతిలో పిస్టల్. వెనక నిరోష.

“అది ఆపు, మెకానిక్,” అన్నాడు క్రెగ్ వచ్చీరాని తెలుగులో.

మాల్యాద్రి ఛేంజర్‌కు అడ్డంగా నిలబడ్డాడు. “కాల్చు. గుండు నన్ను దాటి మెషిన్‌కు తగిలితే పెట్టె ఏం చేస్తుందో నాకూ తెలియదు.”

క్రెగ్ ఒక్క క్షణం తటపటాయించాడు. మూడో పాట అయిపోయింది. డిస్కు మారుతున్న కిర్రుమనే చప్పుడు.

“నిరోషా, వీణ్ణి లాగెయ్!”

నిరోష హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్టల్ తీసి మాల్యాద్రి ఛాతీకి గురిపెట్టింది. నాలుగో పాట మొదలైంది. ఆమె చెయ్యి చటుక్కున పక్కకు తిరిగి, పిస్టల్ పేలింది. క్రెగ్ మణికట్టు చిట్లి అతని పిస్టల్ మెట్ల మీదుగా దొర్లింది. మాల్యాద్రి మోకాలు అతని పొట్టలో దిగింది.

అతన్ని నేలకు అదిమిపట్టి ఉండగానే నాలుగో పాట అయిపోయి పిల్లనగ్రోవి ఆగింది. గోడ గడియారం మూడు కొట్టడం మొదలుపెట్టింది. పెట్టె మీద ఎర్రలైట్లు రెండూ ఆరి, పచ్చది వెలిగింది.

మాల్యాద్రి వెంటనే ఫోన్ తీశాడు. డైరెక్టర్ మొదటి రింగుకే ఎత్తారు. “ఒక్క గేటు కూడా కదల్లేదయ్యా!”

నిరోష గోడకు ఆనుకుని నేల మీదే కూర్చుంది. పట్టుచీర కుచ్చిళ్లు నలిగిపోయాయి. “ఓబులయ్యను కాపాడలేకపోయాను,” అంది మెల్లగా. మాల్యాద్రి క్రెగ్‌ను కట్టేసి ఆమె పక్కనే కూలబడ్డాడు.

లిదియమ్మ తల లోపలికి పెట్టి, కట్టేసి ఉన్న క్రెగ్‌ను ఎగాదిగా చూసింది. “రిపేరు అయిపోయినట్టుండాది. ఇంక ఆ మెషిన్‌లో నాకొక మంచి భక్తి పాట పెట్టు అబ్బయా.”

మాల్యాద్రి చేతులు జోడించాడు. “ఇంకో డ్యామ్ కాపాడమంటే కాపాడతా గానీ అవ్వా, ఆ మెషిన్‌ను మాత్రం నాచేత ముట్టించబాక!”